కేసు కొట్టేశారు సరే, జీతం సంగతేంటి?

ఏసీబీ కేసులో సస్పెండైన జూనియర్ అసిస్టెంటు ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగి చివరికి నిర్దోషిగా బయటపడి ఆఫీసుకొస్తాడు, పోస్టింగ్ ఇస్తారు, కానీ అన్నేళ్ల జీతం అడిగితే మాత్రం తీర్పు కాపీలో ‘బెనిఫిట్ ఆఫ్ డౌట్’ (నేరం అనుమానాలకి అతీతంగా రుజువు కాలేదు కాబట్టి వదిలేశాం) అనే మాట వెతుకుతారు. దొరికిందా, అయిపోయినట్టే, ఏరియర్స్ లేవు. ఆ మాట రాసింది జడ్జిగారు, ఇతను కాదు కదా! పైగా పూర్తి జీతానికి వాళ్లు అడిగే ‘గౌరవప్రదమైన విడుదల’ అనే మాటకి అప్పటి క్రిమినల్ విచారణ చట్టం సీఆర్‌పీసీలో నిర్వచనమే లేదని 2012లో సముత్తిరం కేసులో సుప్రీంకోర్టే చెప్పింది.

పనిచెయ్యనివాడికి జీతమెందుకు అనేవాళ్లున్నారు. అతను మానేశాడా, రావద్దన్నారా? సస్పెన్షన్లో ఇచ్చే సబ్‌సిస్టెన్స్ అలవెన్సు మొదట్లో సుమారు సగం జీతం, అది చేతికి రావాలన్నా వేరే ఉద్యోగం చెయ్యట్లేదని సర్టిఫికెట్ రాసివ్వాలి. ఇటు పని ఇవ్వరు, అటు ఇంకో పని చేసుకోనివ్వరు, ఆఖర్న నువ్వు పనిచెయ్యలేదుగా అంటారు!

అలాగని విడుదలైన ప్రతివాళ్లూ కడిగిన ముత్యాలని మేం అనట్లేదు. సాక్షులు అడ్డం తిరిగి కేసులు పోవడం మనకి తెలీంది కాదు. ఊళ్లో సొంత గొడవలో హత్య కేసులో ఇరుక్కున్నవాడికి ఆఫీసు ఎందుకు కట్టాలి అన్నదీ న్యాయమైన ప్రశ్నే, 1996లో గుజరాత్ విద్యుత్ బోర్డు ఉద్యోగి కేసులో సుప్రీంకోర్టు అదే చెప్పి పాత జీతం ఇవ్వలేదు. కానీ కేసు పెట్టించింది డిపార్ట్‌మెంటే అయినప్పుడు సంగతి వేరని మేమంటాం, అయితే 2019లో రాజ్ నారాయణ్ కేసులో సుప్రీంకోర్టు మాత్రం కేసు దురుద్దేశంతో పెట్టిందని తేలితే తప్ప ఆ తేడా చూడక్కర్లేదంది.

తప్పు చేశాడనే నమ్మకముంటే శాఖాపరమైన విచారణ పెట్టుకోండి, అక్కడ క్రిమినల్ కోర్టంత గట్టి రుజువు కూడా అక్కర్లేదు. అది పెట్టరు, పెట్టినా తేల్చరు, జీతమూ ఇవ్వరు. ఇదే మాకు మింగుడుపడని సంగతి.

సస్పెన్షన్ కాలాన్ని ఎలా లెక్కేస్తారో ఆర్డర్ ఇవ్వాలని ప్రభుత్వోద్యోగుల సర్వీసు నిబంధనల్లోని ఫండమెంటల్ రూల్ 54‌బి చెప్తూనే ఉంది, తగ్గించి ఇచ్చేట్టయితే ముందు నోటీసిచ్చి ఉద్యోగి మాట వినాలి కూడా. ఆ ఫైలు సెక్షన్లో పడుంటే ఇంక్రిమెంట్లు ఆగుతాయి, రిటైరయ్యాక పెన్షన్ లెక్క కూడా తేలదు. విడుదల తీర్పు అందిన మూడు నెలల్లోగా కారణాలతో ఆర్డర్ ఇవ్వాలని రెండు తెలుగు ప్రభుత్వాలూ జీవో తేవాలి, గడువు దాటితే ఏరియర్స్ మీద వడ్డీ కట్టాలి, ఆ వడ్డీ ఫైలు తొక్కిపెట్టిన అధికారి జీతంలోంచి పోవాలి.