ఫెయిలవ్వడమే కుదరని ఆన్‌లైన్ ఎంబీఏతో ఏం చేసుకుంటారు?

బెంగళూరు మారతహళ్లిలో మా ఆఫీసు వెనక సందులో ఒక ఆంధ్రా మెస్ ఉంది. రెండు దాటాక వెళ్తే పప్పు, గోంగూర తప్ప ఏమీ మిగలవు, అయినా కూర్చోడానికి చోటు దొరుకుతుందని మేం ఆ టైముకే వెళ్తాం. ఆమధ్య అక్కడే మా టీమ్‌లో పనిచేసే ప్రొద్దుటూరు కుర్రాడు ఫోన్ స్పీకర్‌లో పెట్టి నా ప్లేటు పక్కన పెట్టాడు, "అన్నా, నువ్వే మాట్లాడు" అని. అవతల ఆన్‌లైన్ ఎంబీఏ అమ్మే ఒకమ్మాయి, మంచి మర్యాదగా, "సార్ సాయంత్రం ఆరులోపు బ్లాక్ చేసుకుంటే పాతిక వేలు స్కాలర్‌షిప్ వస్తుంది సార్, సీట్లు నాలుగే ఉన్నాయి" అంటోంది. ఆన్‌లైన్ క్లాసుకి సీట్లు నాలుగే మిగలడమేంటో, అక్కడేమన్నా బెంచీలు విరిగిపోయాయా. సరే అని, "అమ్మా, పోయిన బ్యాచ్‌లో ఎంతమంది ఫెయిలయ్యారు?" అని అడిగా. రెండు క్షణాలు మాట రాలేదు. తర్వాత చాలా గర్వంగా, "మా దగ్గర ఎవరూ ఫెయిలవ్వరు సార్, సపోర్ట్ ఫుల్ ఉంటుంది" అంది. వాడి మొహం వెలిగిపోయింది. నేను మాత్రం ఫోన్ పెట్టేయరా అన్నా.

నా గొడవంతా ఇదే. పరువున్న డిగ్రీ అంటే ఫెయిలవ్వడానికి ఛాన్స్ ఉన్న డిగ్రీ. క్లాసులకి రాకపోతే పరీక్షకి కూర్చోనివ్వనిది, చదవకపోతే సప్లీ పెట్టేది. ఇప్పుడు ఆన్‌లైన్ ఎంబీఏ అమ్మేవాళ్లు చెప్పే గొప్పలన్నీ దీనికి రివర్స్‌లో ఉంటాయి, ఎంట్రన్స్ లేదు, అటెండెన్స్ లేదు, పరీక్ష ఇంటి నుంచే, టెన్షన్ అస్సలు లేదు. టెన్షన్ లేని డిగ్రీకి రేపు ఇంటర్వ్యూలో విలువ ఎవడిస్తాడండీ?

మావాడిని తప్పుపట్టట్లేదు. ఆరేళ్లు సపోర్ట్‌లో చేశాడు, టీమ్ లీడ్ పోస్టు పడినప్పుడల్లా ఎంబీఏ ఉన్న ఇంకొకడికి వెళ్లిపోతోంది. ఉద్యోగం మానేసి చదివే పరిస్థితి లేదు, ఇంటికి డబ్బు పంపాలి. బన్నేరుఘట్ట రోడ్డులో ఐఐఎం ఉంది, ఉద్యోగస్తుల కోసం వీకెండ్ క్లాసులూ ఉన్నాయి, కానీ ఆ ఫీజు విని వాడు నవ్వి ఊరుకున్నాడు, పైగా సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటి పోవాలి. కాబట్టి ఆన్‌లైన్ తప్పేం కాదు. చట్టం కూడా ఒప్పుకుంటోంది, 2020 రెగ్యులేషన్స్ కింద గుర్తింపు తీసుకుని ఇచ్చే ఆన్‌లైన్ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమే అని 2022 సెప్టెంబరులో యూజీసీ నోటీసు ఇచ్చి మరీ చెప్పింది. అసలు తలనొప్పి ఆ గుర్తింపు ఉందా లేదా అన్న దగ్గర మొదలవుతుంది.

అది చూసుకోవడం కష్టం కాదు. యూజీసీలో దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులు చూసే విభాగానికి డెబ్ (డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో) అని పేరు, దాని వెబ్‌సైట్‌లో ఏ యూనివర్సిటీకి, ఏ కోర్సుకి, ఏ సెషన్‌కి పర్మిషన్ ఉందో లిస్టు ఉంటుంది. మనం చేరబోయే సెషన్‌కి, అంటే జనవరి బ్యాచో జూలై బ్యాచో, ఎంబీఏ అని పేరు పెట్టి ఉండాలి, యూనివర్సిటీ పేరు ఒక్కటీ చూసి మురిసిపోతే కుదరదు, ఎందుకంటే ఒకే యూనివర్సిటీకి బీకామ్‌కి ఉండి ఎంబీఏకి లేకపోవచ్చు. 2024 నుంచి స్టూడెంట్ కూడా డెబ్ ఐడీ అని ఒకటి తనే తెచ్చుకోవాలి, దానికి ముందు ఏబీసీ ఐడీ, అంటే మన క్రెడిట్లు దాచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీ, కావాలి. "ఐడీ మేమే చేసేస్తాం, ఓటీపీ చెప్పండి సార్" అన్నారంటే మాత్రం ఫోన్ పెట్టేయండి.

ఇదంతా గడప దాటడం వరకే. లిస్టులో ఉన్నంత మాత్రాన మంచి కోర్సు అయిపోదు. ఆన్‌లైన్ కోర్సు పెట్టాలంటే కాలేజీలకి గ్రేడ్లిచ్చే న్యాక్‌లో మంచి స్కోరన్నా ఉండాలి, లేదా కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో మొదటి వందలో నిలబడి ఉండాలి. వినడానికి బానే ఉంది, కానీ 2025 ఫిబ్రవరిలో మన గుంటూరు జిల్లాలో ఒక డీమ్డ్ యూనివర్సిటీకి మంచి గ్రేడు కోసం లంచం అన్న కేసులో తనిఖీకి వచ్చిన న్యాక్ టీమ్ వాళ్లనే సీబీఐ అరెస్టు చేసింది. కేసు కోర్టులో తేలాల్సిందే, కానీ అప్పటి నుంచి హోర్డింగు మీద ఏ ప్లస్ ప్లస్ అని బండి చక్రాలంత అక్షరాలు కనిపిస్తే నాకు ముందున్నంత నమ్మకం కలగట్లేదు.

అమెరికా వాళ్లేం తక్కువ తినలేదు. ఫిలడెల్ఫియాలో టెంపుల్ యూనివర్సిటీ ఫాక్స్ స్కూల్ ఆన్‌లైన్ ఎంబీఏ యూఎస్ న్యూస్ ర్యాంకుల్లో వరసగా నాలుగేళ్లు నంబర్ వన్. 2018లో తెలిసిందేంటంటే, చేరినవాళ్లందరూ ఎంబీఏ ఎంట్రన్స్ జీమ్యాట్ రాశారని ర్యాంకుల వాళ్లకి లెక్క పంపారు, నిజంగా రాసింది సుమారు ఐదో వంతు మంది. ఆ స్కూల్ డీన్ మోషే పోరాట్‌కి 2022లో 14 నెలల జైలు శిక్ష పడింది. ర్యాంకు చూసి లక్షలు కట్టినవాళ్ల సంగతేంటి మరి? ర్యాంకు నిజానికి కాలేజీ తనకు తానే నింపి పంపే ఫారమ్ మీద ఆధారపడుతుందన్న విషయం చాలామందికి ఇప్పటికీ తెలియదు.

నా సొంత కథ కూడా చెప్పేస్తా, సిగ్గుపడే విషయమే. పన్నెండేళ్ల కిందట నేనూ ఒక దూరవిద్య ఎంబీఏ చేశాను. యూనివర్సిటీ పక్క రాష్ట్రానిది, స్టడీ సెంటర్ మాత్రం మా ఊళ్లో టైర్ల షాపు మేడ మీద. పరీక్ష రోజు సెంటర్ నడిపే ఆయన లోపలికొచ్చి, "మెల్లగా రాసుకోండి, తొందరేం లేదు" అని టీకి పోయాడు, మేం ఒళ్లో పుస్తకాలు తెరిచాం. 72 శాతం వచ్చింది. బీటెక్‌లో నాకెప్పుడూ అంత రాలేదు. రాష్ట్ర యూనివర్సిటీలు తమ పరిధి దాటి సెంటర్లు పెట్టకూడదని 2013లోనే యూజీసీ గట్టిగా చెప్పిందట, ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. నాలుగేళ్ల తర్వాత కంపెనీ మారుతుంటే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఆ డిగ్రీ దగ్గర ఎర్ర గుర్తు పడింది. హెచ్ఆర్ ఆవిడ మంచిది, "రెజ్యూమేలో ఆ లైన్ తీసేయండి, బీటెక్‌తోనే ప్రాసెస్ చేస్తా" అంది. తీసేశాను. ఆ సర్టిఫికెట్ ఇప్పుడు బీరువాలో మా ఆవిడ పెళ్లి చీరల కింద ఉంది, ల్యామినేషన్ మాత్రం చెక్కుచెదరలేదు.

అందుకే మావాడితో కూర్చుని ముందు పరీక్ష సంగతే వెతికాం. రూల్ ప్రకారం ఇంటర్నల్స్‌కి 30 మార్కులు మించకూడదు, 70 అన్నా సెమిస్టర్ చివరి పరీక్షకి ఉండాలి. కోర్సు యాక్టివిటీల్లో 75 శాతం పాల్గొంటేనే పరీక్షకి అర్హత. అటెండెన్స్ లేదు అని ఎవరన్నా అంటే ఈ రూల్ తెలియకుండా అంటున్నారు, లేదా తెలిసే అంటున్నారు, రెండోది ఇంకా ప్రమాదం. తర్వాత పాఠం ఎవరు చెప్తారు అన్నది. యూట్యూబ్ యాడ్‌లో కనిపించే పెద్ద కంపెనీ సీఈఓ కాదు, వారం వారం క్లాసు తీసుకునే మనిషి ఎవరు, ఆ యూనివర్సిటీలో ఉద్యోగం చేస్తున్నారా, లేక గంటకింత అని తెచ్చారా. ఎడ్‌టెక్ కంపెనీలు యాప్ నడపొచ్చు, ప్రచారం చేయొచ్చు, కానీ ఫ్రాంచైజీ పద్ధతిలో కోర్సు నడపడానికి వీల్లేదని 2022 జనవరిలోనే యూజీసీ హెచ్చరించింది. ఒక రికార్డెడ్ క్లాసు చూపించమని అడిగితే రెండు చోట్ల పంపలేదు, ఒకచోట పంపారు, అందులో లెక్చరర్ 48 నిమిషాలు స్లైడ్లు చదివింది. స్లైడ్లు మనకీ చదవడం వచ్చు కదా.

ఇంకో మాట, కొంతమందికి కోపం రావచ్చు. కంపెనీ ఫారమ్‌లో టిక్కు పెట్టుకోవడానికి మాత్రమే డిగ్రీ కావాలంటే లక్షన్నర, రెండు లక్షలు దేనికి పోయాలి? 1985లో పెట్టిన ఇగ్నో ఉంది, సెంట్రల్ యూనివర్సిటీ, జూన్‌లో డిసెంబరులో పెన్నూ పేపరూ పట్టుకుని సెంటర్‌కి వెళ్లి రాయాలి. ఇగ్నో ఎంబీఏ మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్లు మన బంధువుల్లోనే ఒకరిద్దరు ఉంటారు, ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు అది పూర్తి చేసినవాడిని నేను ఇంకాస్త శ్రద్ధగా చూసేది అందుకే. వాడెవడూ ఈజీగా బయటపడి ఉండడని నాకు తెలుసు.

విదేశీ డిగ్రీల దగ్గరికొస్తే నిజంగా మంచివి లేకపోలేదు. ఇల్లినాయ్ యూనివర్సిటీ గీస్ స్కూల్ 2016లో కోర్సెరా అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్ మీద ఐఎంబీఏ పేరుతో ఆన్‌లైన్ ఎంబీఏ మొదలుపెట్టింది, అది ఎంత కుదురుకుందంటే 2019లో క్యాంపస్‌లో ఉన్న ఎంబీఏనే ఆపేస్తున్నామని ప్రకటించారు. బోస్టన్ యూనివర్సిటీ 2020లో 24 వేల డాలర్ల ఫీజుతో పెట్టింది. ఇల్లినాయ్ వాళ్లు జీమ్యాట్ అడగరు, అలాగని వదిలేయరు, లైవ్ క్లాసులు, వేరే దేశాల వాళ్లతో గ్రూప్ ప్రాజెక్టులు, మనకి అర్ధరాత్రి అయినా సరే కూర్చోవాలి. కాబట్టి ఎంట్రన్స్ లేనంత మాత్రాన చెత్త అని కొట్టిపారేయలేం, లోపలికెళ్లాక ఎంత పిండుతారో చూడాలి. ఆ దేశాల్లో బిజినెస్ స్కూళ్లకి గుర్తింపు ఇచ్చే ఏఏసీఎస్‌బీ అని 1916 నుంచి ఉన్న సంస్థ ముద్ర, లండన్ ఆంబా ముద్ర, యూరప్ ఈక్విస్ ముద్ర, ఈ మూడింట్లో ఒకటన్నా ఉందా అని చూస్తారు. ముద్ర ఇచ్చినవాళ్ల సొంత వెబ్‌సైట్‌కెళ్లి వెతకాలి, కాలేజీ పెట్టుకున్న లోగో నమ్మకూడదు. 2015లో బయటపడ్డ కరాచీ యాక్సాక్ట్ కంపెనీ యూనివర్సిటీలతో పాటు వాటికి గుర్తింపు ఇచ్చే సంస్థల్నీ తనే పుట్టించింది. ప్రభుత్వ ఉద్యోగమో పీహెచ్‌డీనో మనసులో ఉంటే ఇంకో చిక్కు, ఇంట్లో కూర్చుని చదివిన విదేశీ డిగ్రీకి ఇక్కడి డిగ్రీతో సమానమన్న గుర్తింపు దొరకడం చాలా కష్టం.

మనవాళ్లకి ఈ పాఠం కొత్తేం కాదు. కాలిఫోర్నియాలో ప్లెజంటన్ ఊళ్లో ట్రై వ్యాలీ యూనివర్సిటీ, 2011 జనవరిలో అధికారులు దాడి చేస్తే చదువుతున్నవాళ్లలో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. సగానికి పైగా స్టూడెంట్ల అడ్రసు సన్నీవేల్‌లో ఒకే ఒక్క అపార్ట్‌మెంటు అని రాసి ఉంది. పేరుకి ఆన్‌లైన్ క్లాసులు, ఎవడెక్కడున్నాడో అడిగే దిక్కు లేదు. కొందరి కాళ్లకి రేడియో ట్యాగులు కట్టారు, ఆ ఫొటోలు మన పేపర్లలో రోజుల తరబడి వచ్చాయి. నడిపిన సుసాన్ సూకి 2014లో 16 ఏళ్లకి పైగా శిక్ష పడింది. అది వీసా మోసం, ఇది వేరే అనొచ్చు, కానీ ఆ పిల్లలకి కూడా ఎవరో ఒకరు క్లాసులకి రానక్కర్లేదు అని చెప్పే ఉంటారు.

డబ్బు గురించి ఒక్క ముక్క. నో కాస్ట్ ఈఎంఐ అంటే మన పేరు మీద ఫైనాన్స్ కంపెనీలో తీసిన లోన్. మూడు నెలలకి నచ్చక మానేసినా కిస్తీ ఆగదు, సిబిల్ మనదే పాడవుతుంది. అందుకే చివరికి ఒకచోట ఆన్‌లైన్ ఎంబీఏలో చేరినప్పుడు మావాడు మొదటి సెమిస్టర్ ఫీజు మాత్రమే, నేరుగా యూనివర్సిటీ అకౌంట్‌కి కట్టాడు. నాలుగు సీట్ల అమ్మాయి ఆ తర్వాత కూడా పదకొండుసార్లు ఫోన్ చేసిందట, అప్పటికీ సీట్లు నాలుగే.

పోయిన ఆదివారం వాడికి ఫస్ట్ సెమ్ పరీక్ష, రూమ్‌లో కెమెరా ముందు కూర్చుని. మధ్యాహ్నం ఫోన్ చేసి ఒకటే తిట్లు. మధ్యలో రూమ్మేట్ పెసరట్టు పార్సెల్ పట్టుకుని తలుపు తోసుకొచ్చాడట, స్క్రీన్ మీద రెండో మనిషి కనపడ్డాడని వార్నింగ్ పడింది, ఇంకోటి పడితే పేపర్ క్యాన్సిల్ అంట. "ఏం పద్ధతన్నా ఇది, పెసరట్టుకి కూడా వార్నింగా?" అన్నాడు. రేపు అకౌంటింగ్ పేపర్ ఉంది కదా, తలుపుకి గొళ్లెం పెట్టుకోమన్నా.