డ్రాయింగులన్నీ అయిపోయాక పిలిస్తే ఏం లాభం?

కొత్త భవనం కట్టే ముందు ఇరుగుపొరుగు మాట వినాలన్న వ్యాసంతో ఏకీభవిస్తాను. కాకపోతే అసలు కిటుకంతా పిలిచే సమయంలో ఉంది. డ్రాయింగులన్నీ పూర్తయ్యాక మీటింగ్ పెడితే గోడ రంగు తప్ప ఏదీ మారదు. అమెరికాలోని సియాటిల్‌లో డిజైన్ రివ్యూకి (అనుమతికి ముందు భవనం నమూనాను పరిశీలించే ప్రక్రియకి) వెళ్లే ప్రాజెక్టులకు మొదటి దశలోనే భవనం ఆకారాన్ని కనీసం మూడు రకాలుగా చూపించాలన్న నియమం పెట్టారు. వెనకింటి మీద నీడ ఎంత పడుతుంది, కార్లు ఎటు నుంచి లోపలికి వస్తాయి, చెత్త బండి ఎక్కడ ఆగుతుంది అని అప్పుడు అడిగితేనే ఉపయోగం.

ఇంకో చిక్కుంది. మసాచుసెట్స్‌లో ఇలాంటి మీటింగుల మినిట్స్‌ని (ఎవరేం మాట్లాడారో రాసిపెట్టిన రికార్డుల్ని) బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు పరిశీలిస్తే, మాట్లాడినవాళ్లలో వయసు మళ్లినవారు, సొంతిల్లున్నవారే జనాభాలో వాళ్ల వాటా కంటే ఎక్కువగా కనిపించారు. ఎక్కువమంది చెప్పింది కూడా 'వద్దు' అనే. అద్దెకుండేవాళ్లు, సాయంత్రం షిఫ్టులో పనిచేసేవాళ్లు ఎలాగూ రాలేరు. రేపు ఆ ఫ్లాట్లలో దిగబోయేవాళ్లకైతే ఇంకా ఆ వీధి పేరే తెలియదు! అందుకని వచ్చిన నలుగురి గొంతునే ఊరంతటి మాటగా రాసుకోకూడదు. ఏ సూచన తీసుకున్నారో, ఏది ఎందుకు పక్కన పెట్టారో స్థలం దగ్గర నోటీసు బోర్డు మీదే అంటిస్తే సగం గొడవలు తగ్గుతాయి.