ఫీజు కట్టేస్తే సరిపోదు, పట్టించుకునే మనిషి కావాలి

కమ్యూనిటీ కాలేజీ, అంటే రెండేళ్ల డిగ్రీ ఇచ్చే ప్రభుత్వ కాలేజీ, అనగానే అమెరికా నాయకుల నోట ముందుగా వచ్చే మాట ఫీజు మాఫీ. టెన్నెసీ రాష్ట్రం 2015 నుంచి, హైస్కూలు పూర్తిచేసి చేరినవారికి ఇతర సాయాలు పోగా మిగిలే ఫీజును తానే కడుతోంది. మంచి పనే. అయితే ఈ కాలేజీల విద్యార్థుల్లో చాలామంది ఉద్యోగం చేసుకుంటూ, కొందరు పిల్లల్ని పెంచుకుంటూ చదువుతారు. బస్సు చార్జీ, పుస్తకాల ఖర్చు, డ్యూటీ వేళకు కుదరని క్లాసు, ఎవరినడగాలో తెలియని సందేహం: వీటిలో ఏ ఒక్కటైనా చాలు, చదువు ఆగిపోవడానికి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నా మధ్యలో కాలేజీ మానేసిన పిల్లలను ఇక్కడ చూసినవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.

సిటీ యూనివర్సిటీ ఆఫ్ న్యూయార్క్ 2007లో మొదలుపెట్టిన 'అసాప్' పథకం ఈ అడ్డంకులన్నిటినీ ఒకేసారి తీసేయాలని చూసింది. విద్యార్థి ఫుల్‌టైమ్‌గా చదవాలి, చదువులో దారి చూపే అడ్వైజర్‌ను తరచూ కలవాలి. అలా చేస్తే ఫీజులో లోటు పూడుస్తారు, పుస్తకాలూ బస్సు, మెట్రో రైలు పాసూ ఇస్తారు. నా దృష్టిలో దీనికి ప్రాణం అడ్వైజరే. మామూలుగా అక్కడ ఒక్కో అడ్వైజర్ 600 నుంచి 1500 మందిని చూసేవారు. అసాప్‌లో 60 నుంచి 80 మందిని. అంత తక్కువ మంది ఉన్నప్పుడే పేరూ ఊరూ గుర్తుంటాయి, కనిపించని విద్యార్థికి ఫోన్ చేసి ఏమైందని అడిగే తీరిక ఉంటుంది.

ఎండీఆర్‌సీ అనే పరిశోధన సంస్థ లాటరీ పద్ధతిలో విద్యార్థులను రెండు బృందాలుగా విడదీసి ఫలితాలు పరిశీలించింది. మూడేళ్లలో డిగ్రీ చేతికొచ్చినవారు మామూలు బృందంలో 22 శాతం, అసాప్‌లో 40 శాతం. న్యూయార్క్‌కే చెల్లుతుందేమో అనే అనుమానాన్ని ఒహాయో తీర్చింది: మూడు కాలేజీల్లో ఇదే నమూనా అమలుచేస్తే అక్కడ 19 శాతానికి ఎదురు 35 శాతం వచ్చింది.

న్యూయార్క్‌లో మూడేళ్లకు ఒక్కో విద్యార్థిపై అదనంగా 16 వేల డాలర్లకు పైగా ఖర్చయింది. బడ్జెట్ వేసేవారు ఈ అంకె దగ్గరే ఆగిపోతారు. చేరినవారిని కాక, పూర్తిచేసినవారిని లెక్కిస్తే ఒక్కో డిగ్రీకైన ఖర్చు నిజానికి తగ్గింది. మధ్యలో వదిలేసిన చదువు మీద పెట్టిన డబ్బుకు ఎవరూ జమాఖర్చు అడగరు, అదే నా బాధ.

కాలిఫోర్నియా మరో అడ్డంకి మీద దృష్టి పెట్టింది. స్కూలు పాఠాలే మళ్లీ చెప్పే, డిగ్రీకి లెక్కలోకి రాని రెమెడియల్ కోర్సుల్లో విద్యార్థులు ఏళ్ల తరబడి చిక్కుకుపోకుండా 2017లో ఏబీ 705 చట్టం చేసింది. అవసరమైన అడుగే. కానీ నేరుగా కాలేజీ స్థాయి క్లాసులో కూర్చున్న విద్యార్థికి పక్కన ట్యూటర్ ఉండాలి. లేకపోతే ఫెయిలయ్యే చోటు మారుతుందంతే.

ఆ రాష్ట్రంలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో చదివించి యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ చేయించేవారున్నారు. ఏ క్రెడిట్ చెల్లుతుందో, ఏ గడువు ఎప్పుడో ఇంట్లో చదువుకున్న తల్లిదండ్రులు కనుక్కుని చెబుతారు. ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి తానే అయిన విద్యార్థికి ఆ ఆసరా ఉండదు. ఆ ఆసరా ఇచ్చే మనిషిని కాలేజీయే జీతమిచ్చి నియమించాలి, రాష్ట్రాలు అందుకు విడిగా నిధులివ్వాలి.