తెల్ల ఈక, పసుపు ముద్ద, గాజులు

సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల బరుల దగ్గర నిలబడినవారికి ఒక సంగతి తెలుసు. కత్తి దెబ్బకు నేలకొరిగిన పుంజును యజమాని చంకలో పెట్టుకుని నెమ్మదిగా తీసుకెళ్తాడు. జనం కాళ్ల సందున దూరి పారిపోయిన పుంజు యజమాని మాత్రం తలెత్తి నడవలేడు. సొమ్ము ఇద్దరికీ పోయింది, పరువు ఒక్కడికే పోయింది.

కాకి, డేగ, నెమలి అంటూ ఈకల రంగును బట్టి గెలుపోటములు లెక్కగట్టే మన పందెగాళ్ల లాగే, పూర్వం ఇంగ్లండు పందెగాళ్లు తోకలో తెల్ల ఈక ఉన్న పుంజు మేలుజాతిది కాదని, నిలబడి పోరాడదని నమ్మేవారు. 1914 ఆగస్టులో ఆ నమ్మకం మనుషుల మీదికి వచ్చింది. పెన్రోజ్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే నౌకాదళ అడ్మిరల్ ఫోక్‌స్టన్ పట్టణంలో 30 మంది స్త్రీలను కూడగట్టి, సైన్యంలో చేరకుండా వీధిలో కనబడిన యువకుల చేతికి తెల్ల ఈకలు ఇప్పించాడు. బ్రిటన్‌లో నిర్బంధ సైనిక సేవా చట్టం 1916 జనవరి దాకా రాలేదు; అంతవరకు ఆ పనిలో కొంత భాగం ఈక చేసింది. గాయాలతో ఇంటికి వచ్చి మామూలు బట్టల్లో తిరుగుతున్నవారికీ అవి తప్పలేదు. సైన్యం నుంచి విడుదలైన క్షతగాత్రులు కోటుకు తగిలించుకునేందుకు 1916 సెప్టెంబరు నుంచి ప్రభుత్వమే వెండి బ్యాడ్జీ ఇవ్వవలసి వచ్చింది.

మనకు ఖడ్గతిక్కన కథ ఉంది. యుద్ధం నుంచి వెనుదిరిగి వచ్చిన అతనికి భార్య చానమ్మ స్నానాల చోట మంచం అడ్డుపెట్టి, ఆడవాళ్లకు పెట్టినట్టు పసుపు ముద్ద పెట్టిందని, తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసిందని, అతను మళ్లీ వెళ్లి ప్రాణాలు విడిచాడని చెప్పుకుంటాం. చిన్నతనంలో ఈ కథ వింటే నాకు రోమాంచమయ్యేది. ఇప్పుడు మాత్రం సొంత ఇంట్లో నీళ్లు పోసుకోవడానికి, అన్నం తినడానికి చోటు దక్కని మనిషే కనిపిస్తున్నాడు. శత్రువు ముందు నిలవలేక వచ్చినవాడు ఇంటివాళ్ల ముందు అసలే నిలవలేకపోయాడు.

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం నుంచి తరతరాలుగా సైన్యంలో చేరుతున్నవారిని ఈ లెక్కలో కలపడం అన్యాయం. జీతం, పింఛను, తాత తండ్రుల దారి, దేశం మీద ప్రేమ అక్కడ కలిసి పనిచేస్తాయి. నేను మాట్లాడుతున్నది, తాను వెళ్లనవసరం లేనివాడు వెళ్లవలసినవాడిని ఎగతాళి చేసి పంపడం గురించి.

ప్రభుత్వాలకూ ఈ పరువు పోతుందన్న భయం ఉంటుంది. 1965 మార్చిలో అమెరికా రక్షణ శాఖ అధికారి జాన్ మెక్‌నాటన్ వియత్నాంలో తమ లక్ష్యాలను రహస్య పత్రంలో శాతాల్లో రాశాడు: అవమానకరమైన ఓటమిని తప్పించుకోవడం 70, ఆ భూభాగం చైనా చేతికి చిక్కకుండా చూడడం 20, అక్కడి ప్రజల మేలు 10. ఆ యుద్ధంలో 58,000 మందికి పైగా అమెరికన్లు, లక్షలాది వియత్నామీయులు చనిపోయారు.

2025 మే 10న భారత్-పాకిస్తాన్ కాల్పుల విరమణ వార్త వచ్చినప్పుడు మా కాలువగట్టు టీకొట్టులో ఒక పెద్దాయన ఫోను చూస్తూ, "ఏం, గాజులు తొడుక్కున్నారా మనవాళ్లు?" అన్నాడు. ఆయన ఉద్దేశించింది ఢిల్లీని. అదే బల్ల మీద, జమ్మూలో ఉన్న కొడుకు నుంచి మూడు రోజులుగా ఫోను రాక కూర్చున్న తండ్రి ఆ వార్తనే రెండోసారి చదువుకుంటున్నాడు.