పిల్లల్ని ఇండియా తీసుకెళ్లడానికి సంతకం అక్కర్లేదట!

వేసవి సెలవులు దగ్గరపడ్డాయి, ఆ మెసేజ్ మళ్లీ లేచింది. "భర్త నుంచి విడిపోయి అమెరికాలో ఉంటున్న ఆడపడుచులకు శుభవార్త" అంటూ కజిన్ల గ్రూపులో వచ్చింది, కాలనీ గ్రూపులో వచ్చింది, చివరికి మా పిన్ని కూడా పంపింది. సారాంశం ఇదీ: బిడ్డ పాస్‌పోర్టు చేతిలో ఉంటే చాలు, తండ్రి ఒప్పుకున్నట్టు సంతకం పెట్టే నోటరీ లెటర్లు లాయర్ల దందా, హిందూ చట్టం ప్రకారం బిడ్డ తల్లిదే, హైదరాబాద్‌లో దిగాక అమెరికా కోర్టు ఏమీ చెయ్యలేదు.

నోటరీ దందా అట. చాలా బ్యాంకులు తమ ఖాతాదారులకి ఊరికే చేసిపెడతాయి. వదిలేద్దాం.

పాస్‌పోర్టు సంగతి. బిడ్డ ఎవరి దగ్గర ఉండాలో కోర్టు చెప్పే కస్టడీ ఆర్డర్‌లో ప్రయాణం గురించి ఏం రాసుంటే అదే చెల్లుతుంది. అయితే ఒకటి ఒప్పుకోవాలి, అమెరికా నుంచి బయటికి వెళ్లేటప్పుడు ఇమిగ్రేషన్ కౌంటరే ఉండదు, "నాన్న ఒప్పుకున్నాడా" అని అడిగే అధికారి ఉండడు, చాలామంది నిజంగానే ఎవరూ ఆపకుండా వెళ్లిపోతారు. ఎవరూ ఆపకపోవడాన్నే వీళ్లు అనుమతి అనుకున్నారు.

హిందూ చట్టం? 1956 నాటి ఆ చట్టంలో సహజ సంరక్షకుడిగా ముందు రాసింది తండ్రినే. 5 ఏళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలన్న ముక్క ఒక్కటే వీళ్ల చెవిన పడినట్టుంది.

ఇక అసలు విషం. ఒక పేరెంట్ వేరే దేశానికి ఎత్తుకెళ్లిన పిల్లల్ని వెనక్కి పంపాలనే 1980 నాటి హేగ్ ఒప్పందంలో ఇండియా చేరలేదు, నిజమే. అంతమాత్రాన మన కోర్టులు కళ్లు మూసుకుంటాయా? తండ్రి హెబియస్ కార్పస్ వేస్తాడు, అంటే బిడ్డని కోర్టు ముందుకు తెమ్మని పిటిషన్, బిడ్డకి ఏది మేలో కోర్టు చూస్తుంది. పెన్సిల్వేనియా నుంచి పిల్లలతో హైదరాబాద్ వచ్చేసిన ఒక తల్లి కేసులో 2019లో సుప్రీంకోర్టు పిల్లల్ని అమెరికా పంపమనే చెప్పింది. తల్లి వైపు వచ్చిన తీర్పులూ ఉన్నాయి, కానీ మీకు ఏది వస్తుందో ఈ మెసేజ్ రాసిన మహానుభావుడికి ముందే తెలుసా? అటు అమెరికాలో 1993 నుంచి ఫెడరల్ చట్టం ఉంది: రెండోవారి హక్కుకి అడ్డుపడాలని 16 ఏళ్ల లోపు బిడ్డని దేశం దాటించినా, సెలవులకని తీసుకెళ్లి వెనక్కి తేకపోయినా 3 ఏళ్ల వరకు జైలు. గృహహింస నుంచి పారిపోయి వచ్చానని అందులో డిఫెన్స్ చెప్పుకోవచ్చు. నిజంగా పనికొచ్చే ఆ ఒక్క ముక్క మాత్రం శుభవార్తలో లేదు. వారెంటు వస్తే ఆ మహానుభావుడు వచ్చి బెయిల్ కడతాడా?

కానీ ఆ మెసేజ్ వెనకున్న కోపం నాకు అర్థమవుతుంది. పిల్లల్ని అమ్మమ్మ దగ్గరికి మూడు వారాలు తీసుకెళ్తానంటే సంతకం పెట్టకుండా కక్ష సాధించే తండ్రులు బోలెడు మంది. అలాంటప్పుడు రానూపోనూ టికెట్లు, ఉండబోయే ఇంటి అడ్రసు, వీడియో కాల్ టైములు చూపించి జడ్జినే అనుమతి అడగొచ్చు. ఇండియా హేగ్‌లో లేదన్న పాయింటు అక్కడ తండ్రి లాయరే ఎత్తుతాడు, తిరిగొస్తారన్న హామీగా జడ్జి బాండు కట్టమన్నా అనొచ్చు. ఈలోపు ఈ మెసేజ్‌ని "సూపర్ అక్కా" అంటూ మీ ఫోన్‌లోంచి పది గ్రూపులకి పంపి ఉంటే, దాని ప్రింటవుట్ కూడా ఆ లాయరు ఫైల్లోనే ఉంటుంది.