డ్రైవర్‌కు గంటల హద్దు అక్కర్లేదా? ఆ వాదనలో ఒక్కో మాటకూ జవాబు

"లారీ, బస్సు డ్రైవర్ల పనిగంటలకు చట్టం హద్దు పెట్టనక్కర్లేదు. ఎప్పుడు ఆగాలో అనుభవమున్న డ్రైవర్‌కు తెలుసు. ఇద్దరుంటే బండి ఆపే పనే లేదు. పరిమితి పెడితే నష్టపోయేది డ్రైవరే. ఎలాగూ డ్రైవింగ్ గంటలు నమోదుచేసే లాగ్‌లన్నీ దొంగవే." విస్తృతంగా తిరుగుతున్న వాదన ఇది.

"డ్రైవర్‌కు తెలుసు" అన్నదే అన్నిటికంటే ప్రమాదకరం. అలసట ముందు దెబ్బతీసేది ఆ తెలుసుకునే శక్తినే. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని ప్రయోగాల్లో తేలింది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. 4 సెకన్లు కునుకు పడితే దాదాపు 90 మీటర్లు బండిని చూసేవాడు లేనట్టే. రోడ్డు ఎంత తెలిసినా, తెల్లవారుజామున శరీరం నిద్రకు లాగుతూనే ఉంటుంది. కాఫీ పనిచేయడానికి అరగంట దాకా పట్టొచ్చు. తాగి వెంటనే బయల్దేరితే మొదటి ఇరవై, ముప్పై కిలోమీటర్లు నిద్రమత్తులోనే నడుస్తాయి.

ఇద్దరు డ్రైవర్ల సంగతి. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం నాలుగున్నర గంటల డ్రైవింగ్‌కు 45 నిమిషాల విరామం ఇవ్వాలి. డ్రైవింగ్ రోజుకు 9 గంటలు (వారంలో రెండుసార్లు 10), రెండు వారాలకు 90 గంటలు మించకూడదు. ఇద్దరున్నా సరే, 30 గంటల్లోపు ఒక్కొక్కరికీ వరుసగా 9 గంటల విశ్రాంతి దొరకాలి. నడుస్తున్న బండిలో పక్క సీట్లో కూర్చున్న సమయంలో 45 నిమిషాలను విరామంగా లెక్కిస్తారు, రోజువారీ విశ్రాంతిగా మాత్రం లెక్కించరు. కుదుపుల మధ్య పట్టే నిద్ర నిద్ర కాదని డ్రైవర్లందరికీ తెలుసు.

"డ్రైవరే నష్టపోతాడు" అన్నదాంట్లో కొంత నిజముంది. కిలోమీటరుకింత, ట్రిప్పుకింత అని ఇచ్చేచోట గంటలు తగ్గితే చేతికొచ్చేదీ తగ్గుతుంది. మార్చాల్సింది ఆ లెక్కనే. భద్రతకు ముప్పు తెచ్చేలా దూరాన్ని బట్టి, సరుకును బట్టి జీతం కట్టడాన్ని ఐరోపా నిబంధనలు నిషేధించాయి. లోడు కోసం ఆగిన సమయం కూడా డ్యూటీలోకే రావాలి. లోడింగ్ దగ్గర 6 గంటలు నిలబడి, ఆపై 9 గంటలు నడిపితే అది 15 గంటల రోజు. ఇదంతా విదేశీ ముచ్చటేమీ కాదు. భారత్‌లో 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే రోజుకు 8, వారానికి 48 గంటలని, దూర ప్రయాణాలకు 10, 54 దాకా వెళ్లొచ్చని రాసింది. కానీ దాన్ని ఐదుగురు, అంతకుమించి కార్మికులున్న సంస్థలకే పరిమితం చేశారు. ఒకటి రెండు లారీల యజమాని దగ్గర పనిచేసేవాడు దాని బయటే ఉండిపోయాడు. ఆ చట్టంలో చిల్లు అక్కడుండేది.

లాగ్‌లు దొంగవన్న మాటకొస్తే, ఆ మోసం ఎలా జరుగుతుందో తెలిస్తే పట్టుకోవడమూ తెలుస్తుంది. బండి నడిచిన, ఆగిన సమయాలను నమోదుచేసే పరికరం టాకోగ్రాఫ్. అందులో డ్రైవింగ్‌కు స్టీరింగ్, ఇతర పనికి అడ్డంగా పెట్టిన రెండు సుత్తులు, విశ్రాంతికి మంచం గుర్తు ఉంటాయి. బండి కదిలితే స్టీరింగ్ గుర్తు దానంతటదే పడుతుంది. ఆగాక ఏ పనో డ్రైవర్ ఎంచుకోవాలి. లోడు ఎక్కిస్తూ మంచం నొక్కడం మామూలు మోసం. గేటు పాసులోని సమయాలతో పోల్చితే అది బయటపడుతుంది. గేర్‌బాక్స్ దగ్గరి సెన్సార్‌కు అయస్కాంతం తగిలించి, నడుస్తున్న బండిని ఆగినట్టు చూపడం ఇంకోటి. కొత్త పరికరాలు ఉపగ్రహ సంకేతాలతో సరిచూస్తాయి కాబట్టి అదీ అంత తేలిక కాదు.

తనిఖీ డ్రైవర్ దగ్గరే ఆగిపోకూడదు. ఎక్కడికి, ఎప్పటికి చేరాలో ఆఫీసు రాసిచ్చే ట్రిప్పు షీటు తెప్పించాలి. సగటు వేగం 55 కిలోమీటర్లుండే దారిలో 700 కిలోమీటర్లు ఒక్క డ్రైవర్‌తో ఒక్క రోజులో చేరాలని రాసి ఉంటే, అది దాదాపు 13 గంటల డ్రైవింగ్. అక్కడ జరిమానా పడాల్సింది ఆ షీటు రాసిన ఆఫీసు మీద.