డాడ్జ్ సిటీలో తుపాకీ ఎక్కడ పెట్టేవారు?

కాన్సస్ రాష్ట్రంలోని డాడ్జ్ సిటీలో కథ జరిగే పాత అమెరికన్ టీవీ ధారావాహిక ‘గన్‌స్మోక్’ మీద తిరుగుతున్న ఆ సందేశం ఈ వారంలో నాకు నాలుగోసారి వచ్చింది. ఈసారి పంపినవాడు చరిత్ర చదువుకున్నవాడు. అందుకే ఈ జవాబు.

అందులో ఊరి శాంతిభద్రతలు చూసే అధికారి, కథానాయకుడు ‘మార్షల్ మాట్ డిల్లన్ నిజంగా బతికిన వీరుడు’ అట. కాదు, 1952లో రేడియో నాటకం కోసం పుట్టిన పాత్ర. ‘జేమ్స్ ఆర్నెస్ తప్ప ఆ పాత్రను ఎవరూ వేయలేదు’ అట. ఆర్నెస్ టీవీలో వేశాడు; రేడియోలో 1961 దాకా ఆ గొంతు విలియం కాన్రాడ్‌ది. ‘635 భాగాల రికార్డు నేటికీ పదిలం’ అట. భాగాల సంఖ్యలో 2018లోనే ‘ద సింప్సన్స్’ అనే కార్టూన్ ధారావాహిక దాటేసింది.

ఇవి పోనీ అనుకోవచ్చు. విషమంతా ఈ వాక్యంలో ఉంది: ‘డాడ్జ్‌లో ప్రతివాడి నడుముకూ తుపాకీ ఉండేది, అందుకే ఊరు ప్రశాంతంగా ఉండేది.’

1870ల చివరి నాటి ఛాయాచిత్రం ఒకటి ఉంది. డాడ్జ్ ఫ్రంట్ స్ట్రీట్ మధ్యలో పెద్ద బోర్డు. ఆయుధాలు ధరించి తిరగడం ఖచ్చితంగా నిషిద్ధమని రాసి ఉంటుంది. దాని కిందే ఒక చేదు మందు ప్రకటన! పశువులను తోలుకొచ్చిన కౌబాయ్‌లు తుపాకులు అప్పగించి ఊళ్లో తిరగాలి. 1872లో ఊరు పుట్టిన కొత్తలో, పురపాలక సంఘం లేనప్పుడు, అందరి దగ్గరా తుపాకులుండేవి. మీరు చెప్పే ఆ ప్రశాంతతలో నెత్తురు బాగానే పారింది. తర్వాత చట్టం వచ్చింది. 1870 నుంచి 1885 వరకు కాన్సస్‌లో డాడ్జ్ లాంటి ఐదు పశువుల వ్యాపార పట్టణాలు కలిపి చరిత్రకారుడు రాబర్ట్ డిక్‌స్ట్రా లెక్కించిన హత్యలు 45, అంటే ఒక్కో ఊళ్లో పశువుల వ్యాపారం సాగిన ఒక్కో కాలానికి సగటున ఒకటిన్నర. చిన్న ఊళ్లు కాబట్టి అదీ తక్కువేమీ కాదు. కానీ టీవీలో మన మార్షల్ ఏళ్ల తరబడి ప్రతి భాగం మొదట్లోనే నడివీధిలో ఒకడిని కాల్చేవాడు. అది చూసి శాంతిభద్రతల పాఠం నేర్చుకున్న మహానుభావులకు దండం.

ఒక్కచోట మాత్రం నేనే ఓడిపోయాను. ‘1967లో రద్దయిన ఈ ధారావాహికను ఛానల్ అధిపతే పట్టుబట్టి బతికించాడు’ అన్న వాక్యాన్ని కట్టుకథ అనుకుని నవ్వాను. నిజమేనట. దాన్ని ప్రసారం చేసిన సీబీఎస్ ఛానల్ అధిపతి విలియం పేలీ ఆజ్ఞతో ‘గన్‌స్మోక్’ తిరిగొచ్చి 1975 దాకా నడిచింది. దానికి చోటివ్వడానికి బలైంది పాపం ‘గిలిగన్స్ ఐలండ్’ అనే మరో ధారావాహిక. ఈ ఒక్క వాక్యం ఉంచి మిగతాది చెరిపేస్తే నేనూ నలుగురికి పంపుతాను.